మూడో మెట్టు మీద దిండు

"...చచ్చేదానికి దిండెందుకయ్యా? తీసెయ్!"

"చచ్చేవాళ్ళకే కదా గురువుగారూ కావాల్సింది. బతికున్నవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు."

దర్శకుడికి సామాన్ల మనిషి ఇచ్చిన జవాబు విని, తెర పక్కన నిలబడ్డ నీవెస్ నవ్వాపుకుంది. రంగస్థల నిర్వహణ ఆమెది. ఇటలీలోని పార్మా ఒపెరాలో, అంటే పాటల నాటకశాలలో, సామాన్లు చూసే ఒత్తోరినో పిచ్చి ఆమెకి కొత్త కాదు. వేదిక మీద ఏ నాయిక ప్రాణం వదిలినా, ఆ చోట ఆయన దిండు ఉండాల్సిందే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే తంతు. జైలుగదిలో గడ్డిమోపు, ఎడారిలో ఇసుకదిబ్బ, సమాధిలో బండరాయి... అన్నిటి లోపలా బాతు ఈకలే. నాయకుడు చస్తే మాత్రం దిండు లేదు. "వాళ్ళకి ఒంటినిండా దిండ్లేగా!" అంటాడు.

ఈసారి ఒక పాత విషాదగాథని మళ్ళీ ఘనంగా ఎత్తుకున్నారు. దర్శకుడు మాంతెల్లి పాలరాతి మెట్లు కట్టించాడు, ఆరు దీపగుచ్ఛాలు వేలాడదీయించాడు, వెనక గోడంతా అద్దాలు పెట్టించాడు. నాయిక వేషం కట్టే గాయని పేరు దొరాలీచే. ఆమె మూడో మెట్టు మీద మోకాళ్ళపై కూలి, పావుగంట పాడి, అప్పుడు చావాలి.

మాంతెల్లి తెల్లదిండు విసిరేస్తే బూడిదరంగుది వచ్చింది. అదీ విసిరేస్తే పాలరాతి చారలు దిద్దుకున్నది వచ్చింది. దాన్ని వాద్యబృందం మీదికి తన్నాడు. బాకా ఊదే ఆయన నడుం వెనక పెట్టుకుని, తిరిగివ్వనన్నాడు.

మర్నాడు మెట్టు మీద ఊదారంగు దిండు!

వేదిక క్షణంలో ఖాళీ. నాటకశాలలో ఊదారంగంటే అపశకునం, కొంప మునిగినట్టే. వడ్రంగులు జేబుల్లో మేకులు తడుముకున్నారు.

"ఎవరైనా తీయండ్రా!"

"మీరే తీయండి గురువుగారూ. మేం పిల్లలు గలవాళ్ళం."

ఇనుము ముట్టుకుంటే కీడు పోతుందని మాంతెల్లి కూడా తాళంచెవుల గుత్తి గట్టిగా పట్టుకుని, ఉన్నచోటే నిలబడ్డాడు.

దొరాలీచే మాత్రం తాపీగా వచ్చి ఆ దిండు మీదే కూలింది. హాయిగా పాడింది. చచ్చింది. తర్వాత ఒత్తోరినో భుజం పట్టుకుని లేచి, దర్శకుడికి వీపు పెట్టి, పావడా కాస్త ఎత్తింది. ఎడమ మోకాలు గుమ్మడికాయలా వాచి ఉంది.

"బాబాయ్, ఇదా సంగతి!" అంది నీవెస్.

"గట్టిగా అనకే తల్లీ! తెలిస్తే ఈమెని ఇంటికి పంపి, మిలాన్ నుంచి కుర్రపిల్లని తెస్తారు."

"మరి ఇన్నేళ్ళూ?"

"ఎవరో ఒకరికి మోకాలో నడుమో ఉంటూనే ఉంది. వాళ్ళు దిండడిగితే వేషం పోతుంది. నేనడిగితే పిచ్చోడంటారు, అంతేగా."

కానీ వాళ్ళ ఎదురుగా గోడంతా అద్దాలే. మాంతెల్లి వాటిలోకే చూస్తున్నాడు. తాళంచెవుల గుత్తి జేబులో వేసుకున్నాడు.

"ఆ గలీబు మార్చండి. ఎర్రది తొడగండి. దిండు ఉంటుంది."