త్రిత్వ ఆదివారం నాటి ప్రసంగం

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది మా ఆయన్ని బందరు నుంచి దివిసీమకు పంపారు. ఆయన పాస్టరు. నేను బందరులో ఆడపిల్లల బడిలో టీచరుగా చేసేదాన్ని. సెలవు పెట్టి వెంట వెళ్లాను. అవనిగడ్డలో బస్సు దిగాక ఇంకా సముద్రం వైపు వెళ్లాల్సిన ఊరు అది. చర్చి గోడలు నిలిచాయి కానీ కప్పు లేదు. తాటాకు కప్పించి ఆరాధన జరిపేవాళ్లం. వచ్చేవాళ్లలో ఇంటి మనిషిని పోగొట్టుకోనివాళ్లు ఒక్కరూ లేరు. మొదటి నెలల్లో మా ఆయన ప్రసంగాలు చేసింది తక్కువ, వాళ్లు చెప్పేది విన్నది ఎక్కువ. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా అలాగే ఉండిపోయేవారు.

తర్వాత ఇళ్ల సంగతి వచ్చింది. మా సంఘంవాళ్లు ఉండే పేటలో పక్కా ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వంవాళ్లు అన్నారు. ఇళ్లు తక్కువ, కుటుంబాలు ఎక్కువ. పంచాయతీ ప్రెసిడెంటుగారు మా ఆయనకు కబురు పెట్టారు, నేనూ వెళ్లాను. ఆయన వాకిట్లో మా ఇద్దరికీ బల్ల వేయించారు. పేటవాళ్లు కండువాలు చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డారు.

"పేర్లు మీరే రాసివ్వండి పాస్టరుగారూ. అందర్నీ అడుగుతూ కూర్చుంటే తెమలదు," అన్నారాయన. "మీకు దేవుడొక్కడే కదండీ. ఊరిక్కూడా ఒక్కడే పెద్ద ఉండాలి. రేపు ఎలక్షన్లలో మీవాళ్లకి ఆ మాట కాస్త గుర్తు చెయ్యండి."

ఓట్ల మాట మా ఆయన పేటలో ఎత్తలేదు. లిస్టు మాత్రం రాశారు. రెండు రోజులు కూర్చుని, విధవరాళ్లనీ ముసలివాళ్లనీ ముందు పెట్టి, తన మనసుకు న్యాయం అనిపించినట్టు రాశారు. దాన్ని శుభ్రంగా తిరగరాసింది నేను. ఎవర్నైనా అడగాలని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ ఆదివారం త్రిత్వ ఆదివారం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా ఒక్క దేవుడే ఎలా అయ్యారో చెప్పే రోజు. ఏటా మా ఆయన సూర్యుడూ వెలుగూ వేడీ అంటూ ఒకటే పోలిక చెప్పేవారు. ఆ ఏడాది ఆ పోలిక ఎత్తలేదు.

"దేవుడు ఒంటరివాడు కాడు," అన్నారు. "ముగ్గురిలో పెద్దా చిన్నా లేరు. ఒకరు కూర్చుంటే ఇద్దరు నిలబడటం అక్కడ లేదు. అలాంటి దేవుడి పోలికలో పుట్టినవాళ్లం మనం. ఒక మనిషి ముందు ఇంకో మనిషి కండువా తీసి ఎందుకు నిలబడాలి?"

భయం వేసింది నాకు. ఆ మాట సాయంత్రానికల్లా ప్రెసిడెంటుగారికి చేరుతుందని తెలుసు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒకావిడ ఆగింది. నాట్లకీ కోతలకీ వెళ్లే మనిషి. భర్తనూ ఇద్దరు పిల్లలనూ ఉప్పెన తీసుకుపోయింది.

"అయ్యగారూ, అక్కడ ముగ్గురూ సమానమే అన్నారు. మరి ఇళ్ల లిస్టు మీరొక్కరే రాశారంటగా?"

"నీ పేరు మొదట్లోనే ఉందమ్మా," అన్నారు మా ఆయన.

"ఉంటే ఉందిలెండి. నేనడిగింది అది కాదు."

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం చెయ్యలేదు. "ఆవిడ తప్పు అడిగిందా?" అని నన్నడిగారు. లేదన్నాను. లిస్టు తిరగరాసిన చెయ్యి నాదే.

మర్నాడు పేటవాళ్లందర్నీ పిలిచి లిస్టు చదివి వినిపించారు. "ఇది పక్కన పెడుతున్నాను. మీరే కూర్చుని తేల్చుకోండి," అన్నారు. పై పేట నుంచి ఒకర్ని, కింద పేట నుంచి ఒకర్ని, ఆడవాళ్ల తరఫున ఆవిడను ఎన్నుకున్నారు. ఆ తర్వాత ఆరు వారాలు ఊరికే గడవలేదు. అరుపులు, అలకలు, పాత పగలు అన్నీ బయటికొచ్చాయి. ఒకరోజు మా ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. "దేవుడిలో ముగ్గురున్నా తగాదా లేదు. మనలో తగాదాకి ఇద్దరు చాలు," అన్నారు.

చివరికి తేలిన లిస్టుకీ ఆయన రాసినదానికీ నాలుగు పేర్లే తేడా. అందులో కొట్టేసిన పేరు ఒకటి మా చర్చి సంఘ పెద్దది. ఆయన బావమరిదికి అప్పటికే మంచి ఇల్లుందని, ఇద్దరూ ఒకే చూరు కింద ఉంటున్నారని ఆవిడే అందరిముందూ చెప్పింది. సంఘ పెద్ద చర్చికి రావడం మానేసి బందరులోని చర్చి పెద్దలకు ఫిర్యాదు రాశారు. ప్రెసిడెంటుగారు ఇంకో లిస్టు పంపారు. తాలూకా ఆఫీసులో రెండింట్లోంచీ కొన్ని కొన్ని పేర్లు తీసుకున్నారు. ఆవిడకు ఇల్లొచ్చింది. రావలసినవాళ్లు చాలామందికి రాలేదు. ఎలక్షన్లలో పేట ఓట్లు చీలాయి, ప్రెసిడెంటుగారే మళ్లీ గెలిచారు.

బందరులో పెద్దలు మా ఆయన్ని పిలిచి అడిగారు. నేను వరండాలో కూర్చున్నాను. లోపలి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"వాక్యం చెప్పమని పంపితే రాజకీయం చెప్పారట?"

"త్రిత్వం గురించే చెప్పానండీ."

"త్రిత్వం మర్మమండీ. మర్మాన్ని మర్మంగానే ఉంచాలి. పంచాయతీలోకి దింపకూడదు."

బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు మా ఆయన, "వాళ్లకి కోపం వచ్చింది ప్రసంగం మీద కాదు. ఎవరో విన్నారని," అన్నారు.

మమ్మల్ని గుడివాడకు మార్చారు. పెద్ద సంఘం, పక్కా చర్చి, ఫ్యాన్లు. అక్కడ ఆయన చక్కగా ప్రసంగాలు చేసేవారు, అందరూ బాగుందనేవారు. ఇంటికొచ్చాక పడక కుర్చీలో కళ్లు మూసుకునేవారు. నాకూ అలాంటి అలసటే ఉండేది. ఎందుకు అని ఒకరినొకరం అడగలేదు.

ఏడాది దాటాక దివిసీమ నుంచి ఆవిడ గుడివాడ ఆసుపత్రికి నడుం నొప్పికి చూపించుకోవడానికొచ్చి, మా ఇంటికొచ్చింది. భోజనం పెట్టాను. ఆ ముగ్గురి కమిటీ ఇంకా ఉందా అని మా ఆయన అడిగారు.

"ఉందండి. కింద పేటాయన ప్రెసిడెంటుగారి వైపు వెళ్లిపోయాడు. ఆయన బదులు ఇంకొకర్ని వేసుకున్నాం. ఇతనూ ఎన్నాళ్లుంటాడో తెలీదు. రోడ్డు కోసం అర్జీ పెట్టాం, మూడుసార్లు తిప్పి పంపారు."

"మానేద్దామనిపించదా అమ్మా?"

"అనిపిస్తుందండి, రోజూ," అని ఆవిడ మజ్జిగన్నం కలుపుకుంది. "వచ్చే బుధవారం మళ్లీ కూర్చుంటున్నాం."