హరిలాల్ తప్పు తీర్పు

సూర్యాపేటలో కరెంటు మోటార్లు బాగుచేసే హరిలాల్‌కు నలభై రెండేళ్లు. చివ్వెంల దగ్గరి తండా నుంచి రోజూ బండి మీద దుకాణానికి వస్తాడు. ఫోన్‌లో 'ఏడు కోటలు' ఆట ఆడేవాళ్లకు మాత్రం అతను పెద్దమనిషి. ఆ ఆటలో నిప్పు కురిపించే జ్వాలుడికీ, మంచుతో కొట్టే హిమజకూ పగ. ఇద్దరు మాంత్రికుల్లో ఎవరి శక్తి ఎక్కువని వాట్సాప్ గ్రూపులో గొడవ వస్తే, అందరూ హరిలాల్ మాట కోసం చూసేవారు.

అతను ఊరికే చెప్పేవాడు కాదు. పక్క దుకాణంలో ఫోన్లు రిపేరు చేసే జవహర్‌ను హిమజగా ఆడించి, తాను జ్వాలుడై, మధ్యాహ్నం అన్నం తిన్నాక పోరాడి చూసేవాడు. మూడేళ్లు అలా చూశాడు. దాదాపు ప్రతిసారీ జ్వాలుడే గెలిచాడు. హిమజకు బలం తక్కువని తేల్చి రాశాడు.

మొన్న ఫిబ్రవరిలో కోదాడలో ఒక కాలేజీవాళ్లు పోటీ పెట్టి అతన్ని పిలిచారు. జవహర్ కూడా వెంట వెళ్లాడు. మనీషా అనే విద్యార్థిని హిమజగా ఆడి, ఒకటిన్నర నిమిషంలో హరిలాల్ ఆడిన జ్వాలుణ్ణి పడగొట్టింది. రెండోసారి ఇంకా తొందరగా.

"మంచుగోడ కట్టాక నిప్పు వేస్తే అది మీకే తగులుతుంది అంకుల్. మీతో ఆడేవాళ్లు గోడ కట్టరా?" అని అడిగింది.

జవహర్ ఏనాడూ కట్టలేదు. హరిలాల్ తిరిగి చూసేసరికి తల దించుకున్నాడు.

బస్సు మునగాల దాటాక హరిలాల్ అడిగాడు. "గోడ సంగతి నీకు ఎర్కనా?"

"మొదటి నెలసంది ఎర్కే అన్నా. గోడ లేకుంటనే రెండుసార్లు ఓడినంక నువ్వు నాలుగు రోజులు నా దిక్కు రాలే. ఇగ గెలువనిచ్చిన."

"నేను గ్రూపుల రాసినంకనన్న చెప్పకపోతివి."

"అప్పుడు ఎట్ల చెప్పాలె?"

"నా మాట పట్టుకొని గంతమంది హిమజను ఇడిసిపెట్టిన్రు. నువ్వు సూస్కుంట కూసున్నవ్."

హరిలాల్ బస్సులోనే గ్రూపులో రాశాడు: నా తీర్పు తప్పు. నేను పోరాడింది అసలైన హిమజతో కాదు. జవహర్ పేరు రాయలేదు.

కొందరు నవ్వారు. మర్నాడు మధ్యాహ్నం జవహర్ టిఫిన్ డబ్బాతో వస్తే, "పనుంది" అన్నాడు హరిలాల్. ఆ తర్వాతా అదే మాట. ఆట కంటే ఎక్కువగా అతన్ని మరొకటి తొలిచేది. నీ చేతిపని సూర్యాపేటలో ఎవరికీ రాదని జవహర్ అనేవాడు. అదీ తనతో మొహమాటానికి అన్న మాటేనా?

ఇప్పుడు ఆదివారాలు మనీషాతో ఫోన్‌లో ఆడుతున్నాడు. ఎక్కువగా ఓడిపోతున్నాడు. ఎవరు బలవంతులని గ్రూపులో అడిగితే, ఇంకా తెలియదని రాస్తున్నాడు.