రత్నం అంకుల్ బంపర్ సాక్ష్యం

నిన్నంతా డెట్రాయిట్ చలిలో రత్నం అంకుల్ పాత జీపు కింద పడుకొని, వంగిపోయిన ముందు బంపర్ బ్రాకెట్లను వేడిచేసి, సుత్తితో కొట్టి సరిచేశాను. శ్రమకు గౌరవం దక్కాలని కార్మిక సంఘం కరపత్రాల్లో చదివినవాణ్ణి కదా! ఈ రోజు మన తెలుగు చర్చిలో ఆయన లేచి సాక్ష్యం చెప్పారు: “షాపులో మెకానిక్ చేతులెత్తేసిన బండిని ప్రభువు బాగుచేశాడు!” అందరూ ఆమెన్ అన్నారు. నా పేరు ఊసే లేదు.

బయట పార్కింగ్‌లో నిలదీశాను. “అంకుల్, ఎనిమిది గంటలు సుత్తి పట్టుకున్నది నేను!”

“అవును బాబూ, అందుకేగా ఆయన నిన్ను పంపించాడు! వచ్చే శనివారం ఫ్రీయేనా? వెనక బంపర్ కూడా చూద్దువుగానీ.”

యజమాని శ్రమను దోచుకుంటాడని చదివాను. ఆ దోపిడీకి పరలోకంలో హెడ్డాఫీసు ఉందని ఏ కరపత్రమూ చెప్పలేదు. సమ్మె నోటీసు ఎక్కడ అంటించాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.