కూలి గింజల్లో తెల్లపొడి

మా చిన్నప్పుడు... కూలికి వచ్చినవాళ్ళకు గింజలు కొలిచిపెట్టే పని నాదే.

ఆళ్లగడ్డ దగ్గర పల్లె మాది. కూలి అంటే అప్పట్లో జొన్నలే. పని దిగి వచ్చి వాకిట్లో నిలబడితే, నేను ఇంట్లోని గింజల కొట్టులోంచి కొలత పడితో కొలుచుకొచ్చి కొంగులో పోసేదాన్ని. "తలకొట్టి కొలవాకు మే, నిండుగా పొయ్యి" అనేది మా అవ్వ. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ పడి చేతికొస్తే ఎంత టెక్కో! ఇంటి పెత్తనమంతా నాదే అనుకునేదాన్ని.

అవ్వ విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి, బానలో పోసి మూతికి పేడ మెత్తేది. ఆ ఏడు మా చిన్నాయన నంద్యాల నుంచి ఒక డబ్బా తెచ్చాడు. అందులో తెల్లపొడి... పురుగుల మందు. గంపెడు విత్తన జొన్నలకు కలిపేశాడు.

"గింజకు ఇసం పూస్తాండావేందిరా?" అంది అవ్వ.

"ఇత్తనం మా, తినేది కాదు. ఒక్క పురుగు పడితే నన్నడుగు" అన్నాడు చిన్నాయన. ఊరంతా తిరిగి ఆ పొడి గొప్ప చెప్పుకున్నాడు కూడా.

జొన్న విత్తే అదనుకు వాన రాలేదు. విత్తడం వెనక్కి పోయింది. ఆ గంప కొట్టులోనే... తిండి జొన్నల గంప పక్కనే ఉండిపోయింది.

అంతలో ముందు వేసిన కొర్ర కోతలు మొదలయ్యాయి. క్రైస్తవుల పేట నుంచి మరియమ్మ వచ్చేది. వాళ్ళ కూతురు రూతు, నేను ఒకే తరగతి. ఆ రోజు ఒంటిపూట పని. మధ్యాహ్నం మరియమ్మ కూలికి నిలబడింది. తిండి గింజల గంప అడుగంటింది. వంగి ఊడ్చుకోవడానికి నాకు బద్ధకం. పడిని పక్క గంపలో ముంచాను, తెచ్చి కొంగులో పోశాను.

ఆమె వెళ్ళిపోయాక చూసుకున్నాను... నా చేతులు తెల్లగా ఉన్నాయి.

పరుగెత్తి చిన్నాయనకు చెప్పాను. "చిన్నాయనా, మరియమ్మకు మందు గింజలు పోసినా!"

"అరవాకు! కడిగితే పోతాదిలే. ఈ మాట పేటకు పోయిందంటే రేపు మన చేన్లోకి ఒక్కరూ రారు. కొర్రంతా నేల రాలిపోతాది."

"రూతు తింటాది కదా చిన్నాయనా..."

"గమ్మునుండు మే!"

నేను వాకిలి వైపు ఉరికాను. చెయ్యి పట్టి లాక్కొచ్చి కొట్టులో తోసి, బయట గొళ్ళెం వేశాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని నంద్యాల సంత తిప్పిన మనిషే... ఆ రోజు ఆయన ముఖం చూస్తే భయమేసింది.

కొట్టుకు కిటికీ లేదు. మిద్దెకున్న గవాక్షంలోంచి చెయ్యంత వెలుతురు గోడ మీద పడేది. అది పైకి జరిగేకొద్దీ పొద్దు వాలుతున్నట్టు లెక్క. పొద్దు వాలితే మరియమ్మ ఇంట్లో పొయ్యి వెలిగిస్తారు. ఆ గంప పక్కనే కూర్చుని, గోడ మీద వెలుతురును చూస్తూ ఏడ్చాను... తలుపు తన్నాను... గొంతు పోయేదాకా అరిచాను.

అమ్మ వచ్చింది. తలుపు అవతల గాజుల చప్పుడు వినిపించింది. "మీ చిన్నాయన ఏసిన గొళ్ళెం నేనెట్ల తీసేది?" అంది ఏడుపు గొంతుతో. తలుపు తీయకుండానే వెళ్ళిపోయింది. అమ్మ మీద ఆ కోపం నాకు చాలా ఏళ్ళు పోలేదు.

చేని నుంచి అవ్వ వచ్చి గొళ్ళెం తీసేదాకా లోపలే ఉన్నాను. నేను చెప్పిందంతా విని, గంప అడుగున ఉన్న తిండి జొన్నలు చేటలోకి ఊడ్చుకుంది. నన్ను వెంటబెట్టుకుని పేటకు నడిచింది. మా ఇంటి ఆడవాళ్ళు పేటలో అడుగుపెట్టడం అదే మొదలు.

మరియమ్మ అప్పటికే జొన్నలు విసిరి పిండి చేసేసింది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది.

"ఆ గింజలకు పురుగు పట్టింది మే. ఇవి తీసుకో, అవి ఇచ్చెయ్" అంది అవ్వ. మందు సంగతి నోటికి రాలేదు ఆమెకు. కొడుకు కదా...

"పురుగుకేం లే పెద్దమ్మా, జల్లించుకున్న్యా" అని నవ్వి, మరియమ్మ ఎసట్లో పోయడానికి పిండి చేతిలోకి తీసుకుంది.

"మందుంది! నేనే పోసినా!" అని అరిచాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూడలేదు, అవ్వ వైపు చూసింది. అవ్వ తల దించుకుంది. పక్కన రూతు పెదాల మీద పిండి... పచ్చిపిండి నాకేసింది అప్పటికే.

రెండు రోజులు వాంతులు చేసుకుంది రూతు. బతికింది. దేవుడి దయ అనండి, ఏమైనా అనండి.

మూడో రోజు మరియమ్మ మళ్ళీ మా చేనికే వచ్చింది. రాక ఏం చేస్తుంది, ఇంకెక్కడుంది పని? సాయంత్రం నేను పడి ఎత్తగానే కొంగు పట్టలేదు. మెల్లగా అంది... "ముందు నాలుగు గింజలు నువ్వు నోట్లో ఏసుకో పాపా. నమిలి మింగు. ఆ తర్వాత పొయ్యి."

చిన్నాయన చూస్తూనే ఉన్నాడు. నమిలాను, మింగాను. అప్పుడు కొంగు పట్టింది. పెళ్ళై ఆ ఇల్లు వదిలేదాకా, ఎవరికి కొలిచినా ముందు నేను నమిలి పోశాను.

ఆ తెల్లపొడి మాత్రం ఆగలేదు. మరుసటి ఏడు చిన్నాయన రెండు డబ్బాలు తెచ్చాడు.

మొన్న ఊరికి వెళ్తే మా వాళ్ళే చూపించారు... ఇంట్లో తినడానికి మందు కొట్టని మడి ఒకటి, అమ్మడానికి మందు కొట్టే చేను ఒకటి! తప్పనిపించలేదా అంటే, "ఏం చేద్దాం, అందరూ అంతే కదా" అన్నారు. వాళ్ళను తిట్టలేకపోయాను. కొనుక్కొచ్చిన బియ్యంతో ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను... నాకు మాత్రం వేరే దారేముంది?

మీ ఊళ్ళో ఎలా ఉందో చెప్పండి... మనకు అమ్మే గింజ, అమ్మేవాళ్ళు తమ పిల్లలకు పెడుతున్నారా?