రిబ్బను ఆవు త్రేన్పులు

మా జట్లాండ్ పల్లెలో ఎస్కిల్ గొప్పలు వినని చెవి లేదు. అతని ఆవు సిగ్నే పశువుల ప్రదర్శనలో నాలుగేళ్లు వరసగా బహుమతి రిబ్బను గెలిచింది మరి! ఆవుల త్రేన్పుల్లో పోయి భూమిని వేడెక్కించే వాయువుకు పన్ను పడబోతోందని, పశువుల సలహాదారు ఇంగర్ దాన్ని కొలిచే మిషను తెచ్చి వారం పాటు ఎస్కిల్ దాణా తొట్టికి బిగించింది.

"నీ మందలో అన్నిటికంటే ఎక్కువ వదిలేది నీ సిగ్నేనే," అంది.

"నీ మిషను చెడిపోయింది! మళ్లీ కొలువు!"

మళ్లీ కొలిచినా అదే అంకె. ఎస్కిల్ మొహం పాలిపోయింది. పక్కనే నిలబడ్డ పొరుగు రైతును, నాకు మాత్రం నవ్వాగలేదు.

"ఈ గుణం పిల్లలకీ వస్తుంది. దీని కోడెదూడను ఎవరికైనా అమ్మావా?" అడిగింది ఇంగర్.

ఎస్కిల్ కిటికీలోంచి నా కొట్టం వైపు వేలు చూపించాడు.

అందులో ఉన్న ఎనభై ఆవులకూ తండ్రి సిగ్నే కొడుకే.