నాయన ప్రార్థన ధర్మవరం చేరేదాకా

మా చిన్నప్పుడు... నాయన ప్రార్థన ధర్మవరం చేరితే గానీ మాకు సంగటి దొరికేది కాదు.

నాయన హిందూపురం–ధర్మవరం ఎర్రబస్సులో కండక్టరు. డ్యూటీ దిగి, స్నానం చేసి, బైబిలు పట్టుకుని చాప మీద కూర్చుంటే అమ్మా, అన్నా, నేనూ చుట్టూ చేరాలి. వాక్యం చదవడం అయిదు నిమిషాలే... ఆ తర్వాతే అసలు ప్రయాణం. తన బస్సు ఎక్కే మనుషుల కోసం స్టేజీల వరసలో ప్రార్థన చేసేవాడు.

హిందూపురంలో బయలుదేరి, కిరికెరలో కాలు విరిగిన ముసలమ్మ, సోమందేపల్లిలో కాన్పుకు వచ్చిన సాయిబుల ఆడబిడ్డ, పెనుకొండలో పదో తరగతి తప్పిన పిల్లోడు... ఒక్క ఊరినీ వదిలేవాడు కాదు. ఒక్కో ఊరికి మేము "ఆమెన్" అనాలి. మన చర్చి సంఘమా, కాదా అన్న లెక్క లేదు. బస్సు ఎక్కితే చాలు.

"ఇంగా పెనుకొండ గూడా రాలేదు" అని అన్న నా చెవిలో గొణిగేవాడు. అమ్మ కళ్లు తెరవకుండానే వాడి తొడ మీద గిల్లేది.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు, వేసవి సెలవుల్లో పెనుకొండలో అవ్వ ఇంటి నుంచి నాయన బస్సులోనే హిందూపురం వస్తున్నాను. సోమందేపల్లిలో గంగప్ప అనే రైతు పట్టుగూళ్ల మూటలతో ఎక్కాడు. మార్కెట్టుకు పోతున్నాడు. మూటలు నడిదారిలో పెట్టాడు. జనం దిగడానికి లేదు, టాపు మీద వేయమన్నాడు నాయన. ఎండకు గూళ్లు చెడిపోతాయని ఆయన. మాటా మాటా పెరిగింది. గంగప్ప చెయ్యెత్తి నాయన చెంప మీద కొట్టాడు.

బస్సంతా చూసింది. నేనూ చూశాను. నాయన కింద పడిన టికెట్ల కట్ట తీసుకుని వెనక్కి వెళ్లిపోయాడు. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. నాయన తిరిగి ఎందుకు కొట్టలేదని ఆయన మీద కూడా కోపం వచ్చింది... అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ సాయంత్రం ప్రార్థన కిరికెర దాటింది. "ప్రభువా, సోమందేపల్లి గంగప్పను నీ చేతికి అప్పగిస్తున్నాను. ఆయన ఇంటికి సమాధానము, నెమ్మది దయచేయుము" అన్నాడు నాయన.

అమ్మ, అన్న ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

నాయన కళ్లు తెరిచాడు. "ఏమ్మా, నీ ఆమెన్ యాడ పోయింది?"

"చెప్పను నాయనా. ఆయప్ప నిన్ను కొట్టినాడు."

"నాయనకు ఎదురు చెప్తావా? తండ్రిని సన్మానించల్లని సండే స్కూల్లో చెప్పల్యా నీకు?" అంది అమ్మ.

"చెప్పినారు. అందుకే అనను" అన్నాను.

సంగటి ముద్దలు చల్లారిపోతున్నాయి. అన్న నన్ను మింగేసేలా చూస్తున్నాడు. నాయన నా వైపు తిరిగి, "నాకూ మనసులో నుంచి రాలేదు పాపా" అన్నాడు. "రేపు గూడా ఆయప్పకు నేనే టికెట్ ఇయ్యల్ల. కోపంతో ఇస్తే నా చెయ్యి వణుకుతాది. అందుకే ప్రభువును అడుగుతాండా."

ఆ మాట విన్నాకైనా అనాల్సింది. అనలేదు... మొండిదాన్ని. నాయన బలవంతపెట్టలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గంగప్ప పేరు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, నా నోరు కదలకపోతే పెనుకొండకు పోయేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక నాయనకు ఊపిరి సమస్య వచ్చింది. మంచం పట్టాడు. మాకు పొలమూ లేదు, సొంత ఇల్లూ లేదు, పంచి ఇవ్వడానికి. ఒక సాయంత్రం అన్న పక్కనే ఉండగా నా వైపు చూసి, "ఇంక ప్రార్థన నువ్వు చెయ్యమ్మా" అన్నాడు.

హిందూపురం అయింది. కిరికెర అయింది. సోమందేపల్లి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. నాయన కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడని నాకు తెలుసు.

"ప్రభువా... గంగప్పను..." అన్నాను. మిగతా మాటలు రాలేదు, ఏడ్చాను. అమ్మ కంటే, అన్న కంటే ముందు, ఆయాసంతోనే నాయన "ఆమెన్" అన్నాడు.

తర్వాత మూడు వారాలకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు మేము ధర్మవరానికి కారులో పోతాం, అద్దాలు ఎత్తుకుని. దారిలో ఏ ఊళ్లో ఎవరికి బాగాలేదో మాకు తెలియదు. అందుకే మా ప్రార్థనలు త్వరగా అయిపోతున్నాయి... మా పిల్లలు నలుగురి పేర్లే చెప్తారు, ఆ నలుగురూ మేమే.

ప్రార్థనో, పూజో, నమాజో... మీ ఇంట్లో పెద్దల తర్వాత అది ఎవరి చేతికి వచ్చింది? ఎవరి పేరు దగ్గర మీ గొంతు ఆగింది?