శనగలు తిన్న బూట్లు

ఆ రోజుల్లో బూట్లు అందరి కాళ్ళకీ ఉండేవి కావు. ఇప్పుడు మా మనవడికి ఉన్నవి రెండు కాళ్ళే అయినా గుమ్మంలో వాడి జోళ్ళు జాతరకొచ్చిన జనంలా ఉంటాయి. నడకకి ఒకటి, పరుగుకి ఒకటి, బాత్రూముకి ఒకటి, ఊరికే చూసుకోవడానికి ఇంకొకటి. "మనిషివా, జెర్రివా?" అని అడిగితే నవ్వుతాడు. (నవ్వితే నాకు కోపం వస్తుందని వాడికి తెలుసు. ఆ కోపం నిలవదనీ తెలుసు.) మా రోజుల్లో ఒక్క జత బూట్లతో ఒక సంఘమే నడిచిందంటే వాడు నమ్మడు. నేను చదివింది ఐదో తరగతి దాకానే, కాలేజీ గేటు లోపలి సంగతులు నాకేమీ తెలియవు. కానీ కాలేజీ కుర్రాళ్ళ సంఘం ఒకటి మా వంటింటి వెనక గదిలోనే పుట్టింది, అక్కడే పోబోయింది, అక్కడే మళ్ళీ లేచి కూర్చుని అన్నం అడిగింది.

తొంభైల నాటి మాట. గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. మా ఆయన హార్బరులో కళాసీ. నాకప్పటికి ముప్పై నిండలేదు గానీ ముఖం మాత్రం అప్పుడే ఇప్పటిలా పెట్టుకునేదాన్ని. పెరటివైపు పెద్ద గదిని కాలేజీ కుర్రాళ్ళకి అద్దెకిచ్చి, రెండు పూటలా భోజనం పెట్టడం కొత్తగా మొదలుపెట్టాను. నా మొదటి ఉద్యోగం అదే. యజమానీ నేనే, వంటమనిషీ నేనే, తిట్టేదీ నేనే. ఆ మధ్యనే మా ఆయన హార్బరు నుంచి ఒక జత నల్ల తోలు బూట్లు తెచ్చారు. ఏదో దేశపు ఓడలో పనిచేసే దొర ఒకడు మా ఆవకాయ రుచి చూసి, జాడీతో సహా ఉంచేసుకుని, బదులుగా కాళ్ళకున్న బూట్లు విప్పి ఇచ్చాడట. "ఆవకాయ పోతే పోయింది, జాడీ ఎందుకిచ్చేశారండీ?" అని చాలాకాలం అడిగాను. ఆ బూట్లు మా ఆయన కాలికి పట్టలేదు. వస్తువు పారేయడం నా చేత కాదు కనక కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టెలో దాచాను.

కొన్నాళ్ళకి గదిలో ఉన్న కుర్రాడొకడికి ఇంటర్వ్యూ వచ్చింది. రబ్బరు చెప్పులతో ఎలా వెళ్ళాలా అని గోడకానుకుని దిగులుగా కూర్చుంటే చూడలేక పెట్టె తీసి బూట్లు వాడి ముందు పడేశాను. అచ్చు పోసినట్టు సరిపోయాయి. ఉద్యోగమూ వచ్చింది. వెళ్ళిపోతూ వాడు బూట్లు తళతళా తుడిచి నా చేతికిచ్చి, "తరవాతోడికియ్యప్పా" అన్నాడు. సంఘం పుట్టింది ఆ మాటతోనే. (మా వైపు అప్పంటే అక్క.) అందరూ దాన్ని 'బూట్ల బేచి' అనేవారు, అంటే బూట్ల బ్యాచ్ అని. గదిలో ఉన్నవాళ్ళంతా అన్నదమ్ములు. అందరికీ కలిపి ఒక ఇస్త్రీపెట్టె, ఒక టై, ఒక తెల్ల చొక్కా, ఆ ఒక్క జత బూట్లు. చేరేవాణ్ణి మార్కులు అడగరు, కులం అడగరు, ఊరు అడగరు. బూటులో కాలు పట్టాలి, అంతే. (నవ్వకండి. కాలు పట్టనివాడు తన వంతు వచ్చినప్పుడు ఏం తొడుక్కుని వెళతాడు? నాకూ అది న్యాయంగానే తోచింది.)

నేను చెప్పబోయే ఏడాదికి బేచిలో ఇద్దరే మిగిలారు. ఒకడు పాలకొండ వైపు రైతుల బిడ్డ. వెదురుగడలా పొడుగు, మాట తక్కువ, బాధ్యత ఎక్కువ. వాణ్ణి పెసిడెంటు అనేవాళ్ళం. రెండోవాడి నోరు నిద్దట్లోనూ మూతపడదు కనక వాడు రేడియో. ఇద్దరికీ చదువు ఆ వేసవితో సరి. నేను అన్నం వడ్డిస్తూ ముందే చెప్పేశాను: "సెలవులిచ్చేలోగా గది నిండాల. నేదంటే బియ్యం షావుకారు గోడౌనుకి అడుగుతన్నాడు, ఇచ్చీసుకుంతాను. బస్తాలైతే పప్పులో ఉప్పు తగ్గిందనవు." రేడియో నవ్వాడు గానీ పెసిడెంటు ముద్ద నోటి దాకా పోలేదు. "అలగనకప్పా. సంఘాన్ని నా సేతులతో మూసీసేనంటే ముందలోల్లకి నా మొకమెలగ సూపెట్టేది?" అన్నాడు. నేను చారు పోశాను. (జాలి పడ్డానని తెలిస్తే రెండోసారి పెరుగు అడుగుతారు.)

ఇక వేట మొదలైంది. ఇద్దరూ పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర తలలు వంచుకుని నిలబడేవారట. కొత్తగా చేరిన పిల్లల ముఖాలు చూసేవారు కాదు, కాళ్ళే చూసేవారు. వాళ్ళేమో ఇదేదో కొత్తరకం ర్యాగింగనుకుని గోడ దూకి లోపలికి పోయేవారు. ఆడపిల్లలు మాత్రం "ఎంత బుద్ధిమంతులో, తలెత్తి చూడరు" అని మెచ్చుకున్నారట. ఆ మెప్పు రుచి మరిగి రేడియో ఆదివారాలు బజారులో కూడా తల దించుకునే నడిచి ఒకసారి అరటిపళ్ళ బండికి గుద్దుకున్నాడు. ఎలాగో ఒకరిద్దరి కాళ్ళు కుదిరి, వాళ్ళు గది చూడటానికి వచ్చారు. అప్పుడు నేను నా పద్ధతులు చెప్పాను. కంచంలో మెతుకు మిగలకూడదు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరగకూడదు. నెయ్యి ఒక్కసారే. ఒక పిల్లవాడు భయంగా చుట్టూ చూసి, "ఆంటీ, సెంట్రల్ జైలు దగ్గర్లోనే కదా, అక్కడెలా ఉంటాది?" అని అడిగి వెళ్ళిపోయాడు. పెసిడెంటు నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను.

అప్పుడు పెసిడెంటుకి ఒక ఆలోచన వచ్చింది. బూటు అడుగును అట్టముక్క మీద గీసి కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో కంప్యూటరు గదంటే దేవుడి గదిలా చూసేవారు. చల్లగా ఉండేది, తలుపులెప్పుడూ మూసే ఉండేవి, చెప్పులు బయటే విడవాలి. మా వీధి చివర కంప్యూటరు నేర్పే చోట పూటపూటకీ గుమ్మం నిండా కుర్రాళ్ళ చెప్పులుండేవి. మనుషుల వెంట పడి బెదరగొట్టడమెందుకు, చెప్పులనే కొలిచి, సరిపోయిన చెప్పు దగ్గర కూర్చుంటే దాని మనిషి తనంతట తానే వస్తాడు కదా! ఆలోచన బాగానే ఉంది. కాపలావాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను వంకాయలు కోస్తుంటే ఎవరో పరుగున వచ్చి, "మీ కుర్రోల్లని సెప్పుల దొంగలని పట్టీసుకున్నారు" అన్నారు. కత్తిపీట వాల్చేసి వెళ్ళాను.

వెళ్ళేసరికి పెసిడెంటు ఒక చేత్తో అట్టముక్క, ఒక చేత్తో ఎవడిదో చెప్పు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. కాపలావాడు నన్ను చూసి, "ఈ గుంటలు మీవోల్లేనేటమ్మా? సెప్పులెత్తుకెల్లిపోతన్నారు" అన్నాడు.

"ఎత్తుకెల్లడం నేదు బాబూ, కొలతన్నాం" అన్నాడు రేడియో.

"కొలిసేటి సేత్తారు?"

"సంగంలో సేర్సుకుంతాం."

"సెప్పుల్నా?"

నేను కొంగు బిగించి, "మనుసుల్నే సేర్సుకుంతారు నాయనా. ఈలు దొంగలు కారు, తెలివితక్కువోల్లు. దానికి కేసుండదు" అన్నాను. కాపలావాడు ఒప్పుకునేలోగా తలుపు తెరుచుకుని నల్లగా దృఢంగా ఉన్న కుర్రాడొకడు బయటికొచ్చి, పెసిడెంటు చేతిలోని చెప్పు చూసి ఆగాడు. "ఏటి బావా, నా సెప్పంత నచ్చిందేటి?"

"నచ్చనేదు. పెద్దదైపోనాది" అని పెసిడెంటు దిగులుగా దాన్ని కింద పెట్టాడు.

రేడియో కథంతా వాడికి అక్కడే వినిపించాడు. విన్నకొద్దీ ఆ పిల్లవాడి కళ్ళు వెలిగాయి. "అయితే నాను సేరిపోతాను. మాది రుషికొండ అవతల పల్లి. రెండు బస్సులు మారి కాలేజీకి వత్తన్నాను, మొదటి కిలాసు ఎప్పుడూ అందదు. ఆజరు తగ్గితే పరీచ్చ రాయనివ్వమన్నారు. మా అయ్యేమో, 'సదువు సాల్లే, పడవెక్కీ' అంతన్నాడు" అన్నాడు. పెసిడెంటు వాడి పాదాల వైపు చూశాడు. నేనూ చూశాను. చిన్నప్పటి నుంచి ఇసుకలో తిరిగిన పాదాలు, విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి. "పట్టదురా తమ్మీ. రూలు రూలే" అన్నాడు పెసిడెంటు. పాపం, అట్టముక్క మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ పిల్లవాడు వదలలేదు. మర్నాటి నుంచి రోజూ కాలేజీకి పోతూ మా గుమ్మంలో తాటాకు చేపల బుట్టతో ప్రత్యక్షం. ఒకరోజు నెత్తళ్ళు, ఒకరోజు కవళ్ళు. రేడియో వాడికి సొర అని పేరు పెట్టాడు. "లంచవేట్రా?" అని గద్దిస్తే, "లంచం కాదప్పా, పులుసు" అన్నాడు. నేను పొదుపు మనిషిని. రోజూ గుమ్మంలోకి వచ్చే చేపకి ఎదురు మాట్లాడటం నాకు తెలియదు. పైగా వాడు తిన్న కంచం కడగనక్కర్లేనంత శుభ్రంగా ఉండేది. ఒక సాయంత్రం పెసిడెంటుని పిలిచి, "ఆణ్ణి సేర్సుకో" అన్నాను. "కాలప్పా..." అన్నాడు. "కాలు తగ్గదు. బూటు పెరుగుతాది. నాకొగ్గీ" అన్నాను.

నా ఆలోచన వంటింట్లో పుట్టింది. శనగలు నానబెడితే గిన్నె మూత లేచిపోవడం నేను ఎన్నిసార్లు చూడలేదు? ఆ సాయంత్రమే రెండు బూట్లలోనూ శనగలు దట్టించి, నీళ్ళు పోసి, లేసులు బిగించి కట్టి పెరట్లో పెట్టాను. పెసిడెంటుకి పై వారం ఇంటర్వ్యూ ఉంది, అప్పటికి ఆరిపోతాయని లెక్క. మా ఆయన చూసి, "బూట్లకి గుగ్గిల్లేటే?" అన్నారు. మగవాళ్ళకి ఇలాంటివి అర్థం కావని ఊరుకున్నాను.

తెల్లారింది. పెసిడెంటు తోటి విద్యార్థి ఒకడు సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చి, "ఒరే, ఇంటర్వ్యూ ముందుకి జరిపీసినారు! ఇయాలే! బేగి రా!" అన్నాడు. పెసిడెంటు తెల్ల చొక్కా తొడుక్కుని, టై కట్టుకుని, బూట్ల కోసం పెరట్లోకి వచ్చాడు. నేనూ వచ్చాను. బూట్లు నిండు నెలల్లో ఉన్నాయి. ఎడమది ఎలాగో ఓర్చుకుంది. కుడిది పక్కన కుట్టు విడిపోయి నోరు బార్లా తెరిచి నవ్వుతోంది, శనగలు పళ్ళలా కనిపిస్తున్నాయి. పెసిడెంటు చొక్కా నలుగుతుందని కూడా చూడకుండా గట్టు మీద కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి నాకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

అప్పుడే సొర చేపల బుట్టతో వచ్చాడు. ఒక్క చూపు చూశాడు. బుట్ట నా చేతిలో పెట్టి, సంచిలోంచి వల అల్లే దారం, సూది తీశాడు. (బస్సులో కూర్చున్నంతసేపూ వాళ్ళ అయ్య వల బాగుచేస్తుంటాడట.) శనగలు కుమ్మరించి, బూటు మోకాళ్ళ మధ్య బిగబట్టి కుట్టడం మొదలుపెట్టాడు. నీలంరంగు నైలాను దారం, నల్ల బూటు. "సొరసేపైనా తెంపుకోనేదు, ఈ కుట్లు సూడు" అన్నాడు. పెసిడెంటు ముందువైపు పేపరు ముక్కలు కుక్కుకుని, తడి బూట్లతో చప్పచప్పమంటూ సైకిలు వెనక ఎక్కాడు.

ఆ పూట నేను కూరలో ఉప్పు వేశానో లేదో నాకే తెలియదు. సాయంత్రం పెసిడెంటు కుంటుకుంటూ వచ్చాడు. ఎవరమూ అడగలేకపోయాం. గట్టు మీద కూర్చుని బూటు విప్పి దులిపితే టక్కున ఒక శనగ పడింది. "ఇదప్పా! కూకున్నంతసేపూ బొటనేలు కింద గుచ్చుతానే ఉంది. నవ్వనేదు, కదల్నేదు, నిటారుగా కూకున్నాను. ఇంటర్వ్యూ సేసిన పెద్దాయన 'ఈ వయసులో ఇంత నిబ్బరం నేను చూడలేదయ్యా' అన్నాడు" అన్నాడు. ఉద్యోగం వచ్చిందని మాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక రేడియో వేసిన కేక వీధి చివరి కాపలావాడికి కూడా వినిపించి ఉంటుంది.

"మరి నీలం దారం అడగనేదేటి?" అన్నాడు సొర, మెల్లగా.

"అడిగినారు. మా తమ్ముడు కుట్టేడు సార్ అని సెప్పీసేను."

సొర గట్టు దగ్గరికి జరిగాడు. "తమ్ముడనే సెప్పీసేవా?"

"మరేటి. ఉజ్జోగం ఇచ్చినోల్ల ముందు అబద్దమాడతానేటి? రేపు నీ పెట్టి అట్టుకొచ్చీ."

సొర ఆ బూటులో కాలు పెట్టి చూశాడు. కొలిచి కుట్టినట్టుంది. ఇక మిగతావాళ్ళ మాటంటారా, బూట్లు అంత సాగాక పట్టని కాలంటూ లేదు. పొట్టి కాలికి కాస్త ఎక్కువ పేపరు, అంతే. రూలు తనంతట తానే పోయింది. సొర తన కిలాసు పిల్లల్ని ఒక్కొక్కరినే పులుసు వాసన చూపించి పట్టుకొచ్చాడు. సెలవులకి ముందే గది నిండింది. బియ్యం షావుకారు వస్తే, "ఖాళీ నేదు బాబూ" అని చాలా గంభీరంగా చెప్పి, తలుపేశాక నవ్వుకున్నాను. ఉద్యోగం వచ్చిన ఆ సాయంత్రం సంబరంగా శనగ గుగ్గిళ్ళు పోపు పెట్టి అందరికీ వడ్డిస్తే మాత్రం ఒక్కరూ ముట్టలేదు. బూట్లలోని శనగలు పక్కింటి గేదెకి వేశాను. ఆరోజూ చెప్పాను, ఈరోజూ చెబుతున్నాను. నా పొదుపు తెలిసినవాళ్ళెవరూ నమ్మలేదు.

సొర ఇప్పుడు ఓడల మీద ఇంజనీరు. వెళ్ళేముందు ఆవకాయ పట్టుకెళతాడు, జాడీలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో. (ఒకసారి పోయింది చాలు.) మొన్న పెసిడెంటు వచ్చాడు. జుట్టు నెరిసింది, మాట ఇంకా తక్కువే. గుగ్గిళ్ళు పెట్టాను. ప్లేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అప్పా..." అన్నాడు. "కొత్త శనగల్రా. తిను" అన్నాను. మనవడు ఈ గొడవేమిటని అడిగితే ట్రంకుపెట్టె తీయించాను. నీలం కుట్లు అలాగే ఉన్నాయి. వాడు కాలు దూర్చి, "నానమ్మా, లూజు" అన్నాడు. పెసిడెంటు బల్ల మీది పేపరు తీసి, మడిచి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూటు ముందువైపు కుక్కడం మొదలుపెట్టాడు.

"ఒరే, అది ఇయాల్టి పేపరు, నానింకా సదవనేదు!" అని అరిచాను. ఇద్దరూ తలెత్తి నన్ను చూసి నవ్వారు. ముప్పై నిండకుండానే ముసలి ముఖం పెట్టుకున్న ఆ పెరటి యజమానురాలు ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. ఇప్పుడామెని చూస్తే నాకే నవ్వొస్తోంది. కూడబలుక్కుని చదవాల్సిన పేపరులో సగం మనవడి కాలి కింద ఉండగా, మిగిలిన సగం ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.